మూడు వారాల గడ్డం

నిమ్‌పురాలో మాకు రైల్వే క్వార్టర్ శాంక్షన్ అయిందని మా ఆయన అమర్‌నాథ్ ఫోన్ చేసినప్పుడు, చేతిలో గరిటతోనే వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగాను. పెళ్లయిన రెండు నెలలకే మాకంటూ ఒక ఇల్లు.

సాయంత్రం ఆయన వచ్చి కాళ్లు కడుక్కుని, తల మీద జేబురుమాలు కప్పుకుని దేవుడికి స్తోత్రం చెప్పాడు. నా సంతోషం అక్కడే ఆగింది. మా తెలుగు చర్చిలో ప్రార్థనప్పుడు ముసుగు వేసుకునేది ఆడవాళ్లం. మగవాళ్లు టోపీ ఉన్నా తీసేస్తారు. పైగా మూడు వారాలుగా ఈయన గడ్డం గీయలేదు.

"ఆడేదో మొక్కుకున్నాడే మీనా," అంది మా అత్త చిట్టెమ్మ నా చెవిలో. "మా తాత సింహాచలం మొక్కుకి ఇలాగే పెంచినాడు. సంఘంలో తెలిస్తే ఏటవుద్ది?"

మొక్కేనా? అయితే ఎవరి కోసం? కాలేజీలో ఎవరైనా అమ్మాయి ఉండేదా?

ఆయన స్నానానికి వెళ్లగానే ఆయన ఫోన్ తీసి చూశాను. అమ్మాయి లేదు. నెరిసిన గడ్డం పెద్దాయన వీడియోలు, వరసగా పంతొమ్మిది. యూదుల్లా మోషే ధర్మశాస్త్రం పాటించండి, గడ్డం అంచులు కత్తిరించొద్దు, తల కప్పుకోండి అని. అమ్మాయయితే పోట్లాడేదాన్ని. ఈ పెద్దాయనతో ఎలా?

"మీరు యూదులెప్పుడైనారు?" అన్నాను, ఆయన బయటికి రాగానే.

నా చేతిలో ఫోన్ చూసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మన గోల్‌బజార్‌లో పుట్టిన యూదుణ్ని."

"నవ్వించకండి. యూదులు కానోళ్లకి అపొస్తలులు నాలుగు సంగతులే రాసినారు. వాటిలో గడ్డం లేదు. మగోడు తల కప్పుకుని ప్రార్థన చెయ్యొద్దని పౌలు రాసినాడు."

"ఆ పౌలు మాటకే నువ్వు ముసుగేస్తావు. నేను మోషే మాట వింటే తప్పేటి?"

"తప్పన్లేదు. దాచినారెందుకు?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వొచ్చినావు. ఎంటనే క్వార్టర్ లిస్టులో పేరొచ్చింది. దేవుడు అన్నీ ఒకేసారి ఇచ్చేస్తుంటే భయమేసింది మీనా. నేను చెయ్యాల్సిందేదో మిగిలిపోతే, తిరిగి తీసేసుకుంటాడేమోనని."

"నన్ను కూడానా?"

నేను పక్కన కూర్చుని ఆ గరుకు చెంప మీద చెయ్యి వేశాను.

"రేపు ఆదివారం కదా. ఆరాధన అయినాక సంఘపెద్ద విల్‌ఫ్రెడ్ అంకుల్ దగ్గరకి ఇద్దరం ఎళ్దాం. మీ భయం మీరు చెప్పండి. మిమ్మల్ని అనుమానించి ఫోన్ తీసినానని నేను చెప్తాను."

"గడ్డంతోనే రానా?"

"గడ్డంతోనే రండి. ఆయన తీసెయ్యమన్నా, తీసే ముందు నన్నొకసారి అడగండి."