నలభై ఒక్క ఫైళ్ళలో లేని జాగ్రత్తలు

"ఎవరండీ ఇక్కడ స్క్రిప్టు గారు?"

ఆఫీసంతా తలెత్తింది. అతనొక్కడే తల దించుకున్నాడు. కిటికీ పక్క సీటు అమ్మాయి తనతో ఒక్క మాట మాట్లాడితే చాలని ఆర్నెల్లుగా ఆశపడుతున్నాడు. ఇదిగో, మాట్లాడింది. చేతిలో కాగితం, కళ్ళలో నిప్పులు.

సాఫ్టువేరు ఎలా వాడాలో రాసిపెట్టడం ఆమె పని. కాంట్రాక్టు ఉద్యోగం. అందరూ మాన్యువల్ మేడమ్ అంటారు. ఆ రాసిన ఫైళ్ళలో ఉండాల్సిన సెక్షన్లు ఉన్నాయో లేదో 'స్క్రిప్టు' అనే చిన్న కోడుతో వెతికించడం ఇతని పని.

"అరవై మూడు ఫైళ్ళలో నలభై ఒక్కదాంట్లో 'జాగ్రత్తలు' సెక్షనే లేదని మేనేజరుకి మెయిల్ కొట్టారట?"

"నేను కొట్టలేదండీ. అంటే... స్క్రిప్టే పంపుతుంది. ఆటోమేటిగ్గా."

"ఆహా! అయితే తిట్లు కూడా దాన్నే తిట్టమంటారా?"

పక్క సీట్లో టెస్టరు కిసుక్కుమన్నాడు.

"మూడింటికి మీటింగు. నా కాంట్రాక్టు ఉంచేదీ ఊడబీకేదీ మీ లిస్టు చూసి తేలుస్తారు. నేను రాశానండీ. ప్రతి ఫైల్లోనూ రాశాను."

"కోడు అబద్ధం చెప్పదు కదా మేడమ్..."

ఈ ఒక్క మాటతో ఎన్ని నోళ్ళు నొక్కేశారో! కోడు అబద్ధం చెప్పదట. రాసినవాడి బుర్ర ఎంతో దాని బుర్రా అంతే. ఆ సంగతి మాత్రం ఎవడూ చెప్పడు.

ఆమె వంగి, అతని కీబోర్డు లాక్కుని ఒక ఫైలు తెరిచింది. బయట వాన. ఆమె జుట్టు మీద ఇంకా ఆరని చినుకులు. చూడమన్నది స్క్రీను, అతను చూసింది చినుకులు.

"అటు కాదు, ఇటు. చదవండి."

"'డేటా చెరిపేయడం' సెక్షను... దాని లోపల... 'జాగ్రత్తలు'."

"లోపలెందుకు పెట్టానో తెలుసా? మొదట్లో పెడితే ఎవడూ చదవడు. బటన్ నొక్కబోయే ముందు కళ్ళకి కనబడాలి. అందుకు!"

గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

అతను స్క్రిప్టు తెరిచి చూసుకున్నాడు. అది ఫైలును సెక్షన్లుగా విడగొడుతుంది. పై వరస సెక్షన్ల పేర్లు చూస్తుంది. అంతే. ఏ ఒక్కదాని లోపలికీ తొంగి చూడదు. గుమ్మంలో నిలబడి ఇంట్లో ఎవరూ లేరని రాసేసే రకం.

రెండూ నలభై. మీటింగుకి ఇంకో ఇరవై నిమిషాలు. సెక్షను లోపల సెక్షను ఉంటే అందులోకీ వెళ్ళు, దాని లోపల ఇంకోటి ఉంటే అక్కడికీ వెళ్ళు అని నాలుగు లైన్లు కలిపాడు. మళ్ళీ నడిపాడు.

"ఇప్పుడు ఒప్పుకుంటే నీ పని ఔటే గురూ," అన్నాడు టెస్టరు గొంతు తగ్గించి. "ప్రొబేషన్లో ఉన్నావ్. పర్మనెంటయ్యేదాకా నోరు మూసుకో."

"అప్పటికి ఆవిడ ఉండదురా."

"ఓహో. అదా సంగతి!"

స్క్రీను మీద కొత్త లెక్క పడింది. జాగ్రత్తలు లేని ఫైలు: ఒక్కటి.

మీటింగు గది తలుపు తట్టకుండానే తోసేశాడు. మేనేజరు ముందు ఆ లిస్టు. ఎదురుగా ఆమె, పెదవి బిగించి.

"సార్, ఆ లిస్టు తప్పు. నా కోడు లోపలి సెక్షన్లు చూడలేదు. ఆవిడ అన్నిట్లోనూ రాశారు. ఒక్కదాంట్లో తప్ప."

ఆమె గుడ్లురిమింది.

"మరి మూడు నెలలుగా నువ్విచ్చిన రిపోర్టుల సంగతేంటి?" అన్నాడు మేనేజరు.

"అవీ తప్పయ్యుండొచ్చు సార్. అన్నీ మళ్ళీ చూస్తాను."

ఇందాకటి నుంచీ ఆమె మొత్తుకుంటున్నది ఇదే. ఆయన చెవికెక్కలేదు. కోడు రాసినవాడు చెప్పగానే ఎక్కింది. మేనేజరు సారీ అనలేదు, వాళ్ళు అనరు. ఆమెకు కాంట్రాక్టు పొడిగించాడు, ఇతనికి ప్రొబేషను పొడిగించాడు.

వరండాలో ఆమె దారికడ్డంగా నిలబడింది.

"ఆ ఒక్క ఫైలు సంగతి చెప్పకపోతే ప్రాణం పోయేదా?"

"లేదండీ. కానీ అందులో నిజంగానే లేదు."

"నా మీద జాలిపడి వచ్చారా?"

"జాలైతే ఆ ఒక్కటీ దాచేసేవాణ్ణి. మీరు రాసింది నిజం, అందుకని వచ్చాను. ఇంకోటి కూడా ఉంది. అది చెప్పడానికే ఆర్నెల్లుగా నోరు రావట్లేదు. మీరంటే నాకు... ఇష్టమండీ. చాలా. తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టేయండి, పొద్దున్నుంచీ గుండె దడ తట్టుకోలేకపోతున్నాను."

ఆమె తిట్టలేదు. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఉద్యోగం నిలబడింది... ఆఁ, నిజంగానే... ఎవరు నిలబెట్టారనా?" అతనికేసి చూసింది. "నా ఉద్యోగం ఊడగొట్టబోయినవాడు."

అవతలి గొంతు అతనికి కూడా స్పష్టంగా వినిపించింది.

"మరి నవ్వుతావేమే?"