ఎండిన కందకం

వంటింటి తలుపు మళ్ళీ పట్టేసింది. గయెతాన్ భుజం ఆనించి రెండుసార్లు తోస్తే తెరుచుకుంది. ఆయన చిత్రిక తెచ్చి తలుపు అంచు గీయడం మొదలుపెట్టాడు. ఏటా చలికాలం వచ్చేసరికి ఇదే పని.

"ఇంకెంత గీస్తావు? కొన్నాళ్ళకి తలుపుండదు, ద్వారం మిగుల్తుంది," అంది భార్య ఒదీల్, కాఫీ పోస్తూ.

"ఉన్నన్నాళ్ళు గీస్తా."

"గీయి. నీకూ పొద్దుపోవాలిగా."

ఫ్రాన్స్‌లోని సొలోన్ చిత్తడి నేలలో ఆ కోటని గయెతాన్ పూర్వీకులు కట్టి నాలుగు వందల ఏళ్ళు. ఎర్రిటుకల గోడలు, వాటి మధ్య నల్లిటుకల వరసలు, పలకరాళ్ళ కప్పు, బురుజులో మెలి తిరిగిన మెట్లు, చుట్టూ ఎండిపోయిన కందకం. పేరుకే కోట. వెచ్చగా ఉండేది వంటిల్లొక్కటే కాబట్టి ఇప్పుడు ముగ్గురూ అందులోనే బతుకుతున్నారు.

కూతురు అర్మెల్ బురద బూట్లతోనే లోపలికొచ్చింది. గుప్పెడు నల్లటి పొట్టు తెచ్చి బల్లమీద పోసింది.

"ఏమిటే ఈ చెత్త, రొట్టె పక్కన!"

"చెత్త కాదమ్మా, ఓక్ చెక్క. బురుజు కింద తవ్వి చూశాను. మన ఇల్లు నిలబడింది ఈ మొద్దుల మీదే. నీళ్ళలో ఉన్నన్నాళ్ళు రాయిలా ఉంటాయి. గాలి తగిలితే ఇలా చీకిపోతాయి. కందకం ఎండినప్పట్నించీ ఇల్లు కుంగుతోంది. నాన్నేమో తలుపు గీస్తున్నాడు."

చిత్రిక ఆగింది.

కందకం ఎందుకు ఎండిందో ముగ్గురికీ తెలుసు. అర్మెల్ పుట్టకముందు, ఆమె అన్న, నాలుగేళ్ళ ఫిర్మిన్ అందులో మునిగి చనిపోయాడు. కొడుకుని పాతిపెట్టి వచ్చిన రోజే గయెతాన్ తూము పలక ఎత్తేశాడు. నీళ్ళన్నీ ఏట్లోకి పోయాయి. మళ్ళీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"తూము దించుదాం నాన్నా. మిగిలిన మొద్దులన్నా దక్కుతాయి."

"వద్దు."

"బురుజు కూలితే?"

"కూలనీ."

"మరి నేను? పోయినవాడి కోసం ఇల్లు ఎండగట్టావు. ఉన్నదాని నెత్తిన గోడ పడ్డా ఫరవాలేదా నీకు?"

గయెతాన్ చిత్రికని బల్లమీదికి విసిరాడు. "మీ అమ్మ ఆ నీళ్ళు చూస్తూ బతకలేకపోయేదే! నీకేం తెలుసు?"

ఒదీల్ కాఫీ గిన్నె కింద పెట్టింది.

"నేనా? ఎప్పుడన్నాను ఆ మాట?"

"అనాలా? కిటికీ వైపే చూసేదానివి కాదు."

"నీళ్ళు పోయాక మానేశాను చూడటం. నువ్వే తట్టుకోలేక తీశావనుకున్నా. అడిగితే ఏమైపోతావోనని నోరు మూసుకున్నా." "వాడు ఆఖరిసారి ఉన్నది ఆ నీళ్ళలోనయ్యా. పొద్దున్నే ఓసారి చూసుకుందామంటే కందకం నిండా దూలగొండి మొక్కలు మిగిల్చావు నాకు."

గయెతాన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ..." అన్నాడు. అర్మెల్‌కి కోపం ఎటు పోయిందో తెలీలేదు. తండ్రి చొక్కా మీది చెక్కపొట్టు దులుపుతూ నిలబడింది.

"పదండి ఇద్దరూ," అంది ఒదీల్, శాలువా కప్పుకుంటూ. "కూర్చుంటే దిగదు ఆ తూము."

తూము పలక తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ముగ్గురి బరువూ పడితేగాని దిగలేదు. కందకంలోకి దిగే వాగునీరు ఇక ఏట్లోకి పోకుండా చేరుతూ దూలగొండి మొదళ్ళ చుట్టూ సన్నగా పాకింది.

ముగ్గురూ గట్టు మీద నిలబడి చూశారు.

"ఆ ఎండాకాలం వాడికి ఈత నేర్పుదామనుకున్నా," అన్నాడు గయెతాన్.

"తెలుసు. రోజూ నన్నడిగేవాడు, ఎండాకాలం రేపేనా అని."

గయెతాన్ నవ్వబోయాడు. నవ్వు కాస్తా ఏడుపైంది. ఒదీల్ ఆయన చెయ్యి పట్టుకుంది. ఊరుకోమనలేదు.