పెద్దాయన నంబరు

సెలవు రోజు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో పురుగు కూడా లేదు. టైపిస్టమ్మకి కావాల్సిందీ అదే. మెట్లకింది సర్వర్ గది తాళం తీసి, మూలనున్న పాత కంప్యూటర్ ఆన్ చేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కిటికీల్లేని గది. ఏసీ రొద, వేడెక్కిన దుమ్ము వాసన. ఆర్నెల్లుగా ఇదే ఆమె బడి.

ఆఫీసులో టైపింగు పని ఈ నెలాఖరుతో సరి. సర్వర్లు చూసుకునే పోస్టు మాత్రం ఖాళీగా ఉంది. సర్టిఫికెట్ తెచ్చుకుంటే నీకే ఇస్తానని మేనేజర్ మాటిచ్చాడు, ఎలాగూ తేలేదన్న ధీమాతో. ఆయనకి తెలియంది ఆమె మొండితనం. ఎవరైనా ఉచితంగా దింపుకుని, లోపలేముందో విప్పి చూసుకోగల, కంప్యూటర్‌ని నడిపే లినక్సు ఈ పాత డబ్బాలో ముందునుంచీ ఉంది. దాన్నే పాడుచేసి, బాగుచేసి, మళ్ళీ పాడుచేసి నేర్చుకుంది.

ఆ సర్టిఫికెట్‌కి పరీక్షలు రెండున్నాయి. ఒకదాంట్లో సరైన జవాబుకి టిక్కు పెడితే చాలు. రెండోదాంట్లో చెడగొట్టిన మెషీన్ ముందు కూర్చోబెట్టి బాగుచెయ్యమంటారు. ఏదో ఒకదానికి పేరు నమోదు చేసుకోవడానికి గడువు ఈ సాయంత్రం ఐదు.

"తేలికది రాసి పారెయ్యవే," అంది ఫోన్లో అక్క. "ఏ పరీక్ష రాశావని ఎవడడుగుతాడు?"

"సర్వర్ ఆగిపోయిన రోజు అడుగుతారు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోనక్కా?"

"నీతో వేగలేను తల్లీ," అని అక్క ఫోన్ పెట్టేసింది.

అక్కతో అలా అందిగానీ ఆమెకి లోపల బెరుకుగానే ఉంది. మొదట్నుంచీ ఓసారి అన్నీ చేసి చూసుకుని, అప్పుడు తేల్చుకుందామనుకుంది. మెషీన్ వాడేవాళ్ళ ఖాతాల జాబితా తెరిచింది. చివర్లో పెద్దాయన పేరు ఇంకా ఉంది. ఈ గదిని పాతికేళ్ళు ఏలిన సర్వర్ల మనిషి. పోయినేడాది ఇదే మెషీన్ ముందు, కీబోర్డు మీద తల వాల్చి పోయాడు. బతికున్నన్నాళ్ళూ దానికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వలేదు. "టైపు కొట్టుకునేదానివి, నీకిక్కడేం పనమ్మా?" అని ఆమెని గుమ్మంలోంచే పంపేశాడోసారి.

ఆ ఖాతా తీసేసింది. తన పేరుతో కొత్తది తెరిచింది. తొందరలో ఒకటి మరిచిపోయింది. మెషీన్ మనుషుల్ని గుర్తుపెట్టుకునేది పేరుతో కాదు, నంబరుతో. పేరు చెరిపేసినా ఆయన ఫైళ్ళు ఆ నంబరు మీదే ఉండిపోయాయి. జాబితాలో ఖాళీ అయిన ఆ చివరి నంబరే కొత్త ఖాతాకి దక్కింది. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పే ఇది.

కొత్త ఖాతాలోకి వెళ్ళి, తన పేరు మీద ఏమేం పనులు నడుస్తున్నాయో చూసింది.

రెండు పనులు. ఒకటి తనది. రెండోది... ఎవరో ఒక ఫైలు తెరిచి రాస్తున్నారు. మొదలుపెట్టిన తేదీ పోయినేడాదిది. ఆయన పోయిన రోజు.

మెషీన్ ఆన్ చేసి రెండు గంటలు కూడా కాలేదు. నెట్‌వర్కు వైరు ఎప్పుడో పీకేసింది. ఇంకెవరూ లోపలికి రాలేరు.

ఆ ఫైలు తెరిచింది. ఒకే మాట.

లే.

మూసి మళ్ళీ తెరిచింది.

లే. లే. లే.

ఏసీ రొద ఆగిపోయింది. గదినిండా పెద్దాయన కణతలకి రాసుకునే నొప్పి మందు ఘాటు. ఆ పనిని ఆపెయ్యమని మెషీన్‌కి చెప్పింది. ఆగింది. మళ్ళీ చూసింది... ఉంది. అదే తేదీతో.

"లే..." చెవి పక్కనే. ఊపిరంత మెల్లగా.

పారిపోదామని కాళ్ళు కూడదీసుకుంది కూడా. అప్పుడొచ్చింది కోపం. బతికుండగా గుమ్మం దాటనివ్వలేదు. పోయాక కూడానా?

"లేవను," అంది గొణుగుతున్నట్టు. "ఏం చేస్తావో చెయ్యి."

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తట్టింది. తన ఖాతాలోంచి బయటికొచ్చి, అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో లోపలికెళ్ళింది. తన నంబరు మార్చాలి. కీల మీద చేతులు పెట్టింది.

వేళ్ళ మీద వేళ్ళు పడ్డాయి. చల్లగా... బరువుగా...

అవి ఆమె వేళ్ళతోనే కొట్టిస్తున్నాయి. డిస్కులో ఉన్నదంతా తుడిచేసే ఆదేశం. ఆర్నెల్ల కష్టం. చిటికెనవేలు ఎంటర్ మీదికి వంగుతోంది...

పళ్ళు బిగించింది. వేలు వెనక్కి లాక్కుంది. ఒక్కో అక్షరమే చెరిపింది. తన ఖాతాకి కొత్త నంబరిచ్చింది.

"నీ ఫైళ్ళు నీకే పెద్దాయనా. నా పేరు నాకు."

మళ్ళీ తన ఖాతాలోకి వెళ్ళి చూసింది. ఒకే పని. తనది. ఏసీ రొద మొదలైంది.

నాలుగూ యాభై. ఫోన్ తీసి, టిక్కుల పరీక్ష దాటేసి, మెషీన్ బాగుచేసే పరీక్ష ఎంచుకుంది. నమోదు పేజీ తెరుచుకుంది.

పరీక్ష రాసేవారు: ఇద్దరు. మెషీన్: ఒకటి.

కింద సమ్మతికి రెండు గడులున్నాయి. మొదటిదాంట్లో అప్పటికే టిక్కు పడి ఉంది. ఆమె రెండోదాంట్లో తన టిక్కు పెట్టింది.