రిపోర్టులో లేని దరియాలతిప్ప

"మా ఊరేమైందండీ?"

ఉమామహేశ్వరం కంప్యూటర్ మీంచి తలెత్తాడు. గుమ్మంలో భవాని. చేతిలో గొడుగుంది కానీ మనిషి సగం తడిసే ఉంది. కళ్లు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

అంత కోపంగా ఉన్న ఆడపిల్ల ఎదురైతే ఎవడైనా నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. మనవాడికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తుఫాను తర్వాత ఆమె కనబడటం ఇదే మొదలు.

"కూర్చోండి," అన్నాడు.

"కూర్చోడానికి రాలేదండి. మా డిపో మూసెయ్యమని అయ్యగారి దగ్గర్నించి కబురొచ్చింది. మీ కంప్యూటర్ రిపోర్టులో మా ఊరి పేరే లేదంట గదా. ఎందుకు తీసేశారు?"

అయ్యగారంటే వీరభద్రరావు గారు. యానాంలో ఐసు ఫ్యాక్టరీ ఆయనదే. చేపలు పట్టే ఊళ్లన్నిటికీ ఆయన వ్యాను ఐసు తీసుకెళ్తుంది. దరియాలతిప్పలో డిపో నడిపే సత్యనారాయణ కూతురు భవాని. వారం వారం అమ్మకం చీటీలు పట్టుకుని శనివారం అదే వ్యానులో ఆఫీసుకు వచ్చేది. ఆ చీటీలను కంప్యూటర్లోకి ఎక్కించడం మహేశ్వరం ఉద్యోగం. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజులవి.

ఆమె చదివేది, ఇతను కొట్టేవాడు. మిగతా ఊళ్ల చీటీలు చిటికెలో అయిపోయేవి. దరియాలతిప్పకి వచ్చేసరికి వేళ్లకి ఎక్కడలేని బద్ధకం వచ్చేది. "మళ్లీ చదవండి," అనేవాడు. ఆమె నవ్వు దాచుకుని మళ్లీ చదివేది.

తుఫానుకి ఆ ఊరి పడవలన్నీ దెబ్బతిన్నాయి. వేట లేదు. వేట లేకపోతే ఐసు అక్కర్లేదు, ఐసు అమ్మకపోతే చీటీలుండవు. చీటీలు లేకపోతే భవాని రాదు. శనివారం వస్తే చాలు, కిటికీ దగ్గర నిలబడి వ్యాను కోసం చూసేవాడు మహేశ్వరం. డ్రైవర్ లూయిస్ ఒక్కడే దిగేవాడు.

"రాలేదండి," అనేవాడు లూయిస్, అడక్కముందే. "మొహం అలా పెట్టకండి బాబూ. చూసినోళ్లు నేనేదో చేసేననుకుంటారు."

ఇన్నాళ్లకి ఆమె వచ్చింది. వచ్చింది పోట్లాటకి.

"నేను తీసెయ్యలేదండి," అన్నాడు మహేశ్వరం. "ఒక్క నిమిషం ఆగండి, చూస్తాను."

చూస్తే తప్పు తనదే. అమ్మకాలు ఒక ఫైలు, ఊళ్ల పేర్లు ఇంకో ఫైలు. చీటీలో ఊరి నంబరు మాత్రమే ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని పేరు వెతికి రిపోర్టులో వెయ్యమని ప్రోగ్రాము రాశాడు. చీటీ రాని ఊరి పేరు వెతికే అవసరమే కంప్యూటర్‌కి పడలేదు. ఆ ఊరి వరసే కాగితం మీదికి రాలేదు. అయ్యగారు కాగితం చూసి ఆ ఊళ్లో ఇక వేట మానేశారనుకుని డిపో మూసెయ్యమన్నారు.

"డిపో పోతే మీరేం చేస్తారు?" అని అడిగాడు.

"అమలాపురం పోతామంటన్నారు నాన్న. మా మేనత్త అక్కడే ఉంటాది." భవాని గొడుగు కొస చూసుకుంది. "మా బావ కూడా అక్కడే ఉంటాడు."

మహేశ్వరానికి ఏసీ గదిలో చెమట పట్టింది. ఆ బావ ఎలా ఉంటాడో తెలీదు గానీ చక్కగా ఉంటాడని మాత్రం ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

ప్రోగ్రాము తిరగరాశాడు. ఈసారి ఊళ్ల ఫైలుని ముందు పెట్టాడు. ఒక్కో ఊరినీ తీసుకుని దానికి అమ్మకం ఉందేమో చూడమన్నాడు. ఉంటే అంకె, లేకపోతే సున్నా. ఎలాగైనా వరస రావాలి.

ప్రింటర్ కీచుమంటూ కాగితం కక్కింది. భవాని వంగి చూసింది. తడిసిన జడ అతని భుజానికి తగిలింది. ఆమె గమనించలేదు. అతనికి మాత్రం కాసేపు ఊళ్ల పేర్లేవీ కనబడలేదు.

"దరియాలతిప్ప సున్నా," అని చదివింది. "ఇదేంటండీ, ఇంకా తొందరగా మూసేత్తారు."

"పేరు లేకపోతే ఎవరూ అడగరండి. సున్నా ఉంటే ఎందుకని అడుగుతారు."

ఇద్దరూ ఆ కాగితం పట్టుకెళ్తే అలాగే అడిగారు వీరభద్రరావు గారు. "ఈ సున్నా ఏవిటయ్యా? నిన్న లేదే."

"నిన్నటి రిపోర్టు తప్పండి. ప్రోగ్రాములో పొరపాటు, నాదే."

"పడవలకి తారు పూత్తన్నారండి," అంది భవాని. "ఈ వారంలోనే వేటకి దిగుతారు. అప్పుడు ఐసు లేదంటే చేపలు ఏం చేసుకోవాలండీ?"

ఆయన అద్దాలు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీ ఊళ్లో వేట మానేశారనుకున్నానమ్మా. డిపో ఉంచమని మీ నాన్నకి చెప్పు."

బయట వాన తగ్గలేదు. మెట్ల మీద భవాని ఆగింది.

"ఇన్నాళ్లూ నేనెందుకు రావట్లేదని ఎవరైనా అడిగారా అసలు?"

"ప్రతి వారం లూయిస్‌ని అడిగేవాణ్ణండి."

"లూయిస్ అన్నయ్యనడిగితే నాకేం తెలుత్తాదండీ?" అని గొడుగు తెరిచి వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా ఆ మాటే. మర్నాడు ఆదివారం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిలెక్కి, బురదలో చొక్కా పాడుచేసుకుని దరియాలతిప్ప చేరాడు మహేశ్వరం. డిపో ముందు సత్యనారాయణ ఐసు పెట్టెలో కొత్త ఊక పోస్తున్నాడు.

"రండి బాబూ. అయ్యగారేవన్నా పని చెప్పారా?"

ఏదో ఒక పని చెప్పెయ్యొచ్చు. దారి పొడుగునా నాలుగైదు కల్పించుకున్నాడు కూడా. తలుపు పక్కన ఓణీ అంచు కదిలింది. ఒక్కటీ నోటికి రాలేదు.

"పనేం లేదండి. భవాని గారిని చూడాలని వచ్చాను. ఆవిడ కనబడకపోతే నాకు తోచదండి. మీరు అమలాపురం వెళ్లిపోతారేమోనని భయమేసింది. మీకు ఇష్టమైతే... ఆవిడకీ ఇష్టమైతే, చేసుకుంటానండి."

సత్యనారాయణ చేతిలో గంప అలాగే ఉండిపోయింది. కూతురున్న వైపు చూశాడు.

"మా అక్క ఎప్పటినించో అడుగుతానే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "అడిగినప్పుడల్లా దీని మొహం చూసి మాటివ్వలేకపోయాను. ఎందుకో ఇవాళ తెలిసింది. లోపలికి రండి బాబూ. ఇలాంటి మాటలు పెద్దోళ్లతో అనిపించాలి గానీ మీరే అనేత్తే ఎలా?"

"వచ్చే ఆదివారం అమ్మనీ నాన్ననీ తీసుకొస్తానండి."

తలుపు చాటునుంచి భవాని గొంతు వినబడింది.

"యానాం ఎంత దూరం గనక నాన్నా. ఇవాళ సాయంత్రమే రమ్మనండి."