మూసిన పైపు మీద కుంకుమ

“ఈసారి బాంబు కాదు మాదేశ్. పాచి!”

హోసూరులో ఒక టైర్ల గోడౌన్ వెనక గది. ఏజెంట్ మాదేశ్ నవ్వబోయి, చీఫ్ వరదప్ప ముఖం చూసి మానుకున్నాడు.

“కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఈ సీజన్ మొదటి ఎక్స్‌పోర్ట్ లోడు ఈరోజే. విదేశాల్లో పసిపిల్లల ఆహారంలో కలుస్తుంది. ఒక ముఠా పైపుల్లో ఎక్కడో బయోఫిల్మ్ పెంచింది. బ్యాక్టీరియా చుట్టూ జిగురు కట్టుకుని కూర్చుంటుంది. క్లోరిన్ పోసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వేడి కాస్టిక్ సోడాతో జిగురు కరిగించి, బ్రష్‌తో తోమాలి. ఆ పిల్లలకేమైనా అయితే మన మామిడి ఇంకెప్పుడూ ఓడ ఎక్కదు.”

“లోపల మనవాళ్ళు?”

“రశ్మి. ముఠాలో మన మనిషి. హైజీన్ ఆడిటర్ వేషం.”

మధ్యాహ్నానికల్లా మాదేశ్ నీలం యూనిఫాంలో ఫిట్టర్‌గా ఫ్యాక్టరీలో ఉన్నాడు. తెల్లకోటు, ఎత్తు మడమల చెప్పులు, మామిడి వాసనను కూడా మింగేసే సెంటుతో రశ్మి ఎదురొచ్చింది.

“తోతాపురి పండిందా?” అన్నాడు.

“ఇంకా రెండు ఎండలు కావాలి.” కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “పాచి ట్యాంకులో ఉంది. క్లోరిన్ డబుల్ చేయించాను. పైపుల జోలికి పోకు.”

మాదేశ్‌కు అనుమానం వచ్చింది. పాచికి క్లోరిన్ చాలనే ఆడిటర్ ఉంటుందా?

పాచిని పసిగట్టే, సెల్‌ఫోన్ ఆకారంలో ఉన్న మీటర్ తీసి ట్యాంకు పరీక్షించాడు. శుభ్రం! పైపులైన్ వెంబడి పరుగు తీశాడు. గుజ్జును కాచే యంత్రం దాటాక, సంచులు నింపే ఫిల్లర్‌కు ముందు, పాత పంపు తీసేసిన చోట ఒక మూసిన పైపు ముక్క. దాని క్లాంప్ మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

స్పానర్ వేయగానే, వేడినీళ్ళ పైపుతో నేల కడుగుతున్న లైన్ పెద్ద కదిరమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. “పూజైన దాన్ని ఈ పొద్దు విప్పకూడదప్పా! పొద్దన్నే సీజన్ పూజ చేసినాము.”

“ఈడ బొట్టు నువ్వే పెట్టినావా అక్కా?”

ఆమె వంగి చూసింది. “పసుపు యాడ? పసుపు లేకుండా ఉత్త కుంకుమ పెడతామా! నేను పెట్టలేదప్పా.”

“నేనే పెట్టాను,” అంది వెనక నుంచి రశ్మి. చేతిలో చిన్న పిస్టల్. “బొట్టు పెడితే ఇక్కడ ఎవరూ విప్పరని మా బాస్ చెప్పాడు. పసుపు సంగతి చెప్పలేదు. కదలొద్దు!”

ఫిల్లర్ సైరన్ మోగింది. పైపులో గుజ్జు కదిలిన చప్పుడు. మాదేశ్‌కు నిజంగా భయం వేసింది, తన ప్రాణం గురించి కాదు.

కదిరమ్మ చేతిలోని వేడినీళ్ళ పైపు బుస్సుమంది. రశ్మి కెవ్వుమని పిస్టల్ వదిలేసింది. మాదేశ్ ఒక్క గెంతులో ఎర్ర బటన్ గుద్దాడు. ఫిల్లర్ మూతి మొదటి సంచికి జానెడు ఎత్తున ఆగిపోయింది.

క్లాంప్ విప్పితే లోపల వేలికి సాగే గోధుమరంగు జిగురు. మీటర్ అంకెలు చాలక ఆగిపోయింది.

రశ్మిని జీపు ఎక్కించాక చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! వెంటనే హోసూరు వచ్చెయ్. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు.”

కదిరమ్మ అతని చేతికి గ్లవ్స్, బ్రష్ అందించింది. “యాడికప్పా? లైనంతా విప్పి తోమల్ల. ఫిట్టర్‌వి కదా!”

మాదేశ్ గ్లవ్స్ తొడుక్కుంటూ ఫోన్‌లో అన్నాడు. “రేపొస్తాను సార్. గూఢచారికైతే ఎప్పుడైనా సెలవు దొరుకుతుంది. ఫిట్టర్‌కి షిఫ్ట్ అయ్యేదాకా దొరకదు.”