మొండి గీసిన కణం

"దొరికింది! కణం దొరికింది!"

మొండి అరిచిన అరుపుకు సైన్స్ ల్యాబ్‌లో అందరూ తలలు తిప్పారు. పట్టిన పట్టు విడవదని ఆ అమ్మాయికి తరగతి మొత్తం కలిసి పెట్టిన పేరది. ఆమెకూ ఆ పేరంటే ఇష్టమే.

ఎవరి బుగ్గ కణాలను వాళ్ళు చూడటం ఆ రోజు పని. టూత్‌పిక్‌తో బుగ్గ లోపల మెల్లగా గీకాలి. దాన్ని గాజు పలక మీద పూసి, ఒక చుక్క నీలిరంగు వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ కప్పాలి. బిళ్ళను నెమ్మదిగా వాల్చమని టీచర్ చెప్పింది. మొండి టప్పున పడేసింది. అందరికంటే ముందు తనే చూడాలి మరి!

మైక్రోస్కోప్‌లో నల్లటి అంచుతో, గుండ్రంగా, నున్నగా ఒకటి కనిపించింది. అచ్చం పుస్తకంలో బొమ్మలాగే! మొండి పరుగున వెళ్ళి బోర్డు మీద పెద్ద సున్నా చుట్టింది. మిగతావాళ్ళు గబగబా దాన్నే రికార్డుల్లోకి దించుకున్నారు.

టీచర్ వచ్చి మైక్రోస్కోప్‌లోకి చూసింది.

"మరి కేంద్రకం ఏదమ్మా?"

"లోపలే ఉంటుంది టీచర్. కనబడట్లేదంతే."

"గాలి బుడగేమో?"

"కాదు! కణమే! నా కళ్ళతో నేను చూశాను."

పక్క స్టూలు మీది కళ్ళద్దాల పిల్ల కిసుక్కున నవ్వింది. "ఇది పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు!"

టీచర్ కోప్పడలేదు. "సరే. అందులో చూస్తూనే, పెన్సిల్ మొనతో బిళ్ళ అంచును కాస్త నొక్కు."

మొండి నొక్కింది. ఆ గుండ్రటిది జర్రున జారి, పక్కనున్న ఇంకో గుండ్రటిదానితో కలిసిపోయింది. మళ్ళీ నొక్కింది. రెండూ కలిసి ఎటో మాయమయ్యాయి. బుడగే!

మొండి చెవులు వేడెక్కాయి. అయినా కన్ను తీయలేదు. కణం చూడకుండా లేవడమా? కుదరదు! పలకను వెంట్రుకవాసి జరిపింది. ఇంకాస్త జరిపింది.

నలిపి పారేసిన కాగితం ముక్కల్లా, లేత నీలం రంగులో ఏవో కనిపించాయి. అంచులు మడతపడి ఉన్నాయి. ఒక్కోదాని లోపలా ఒక ముదురు నీలం చుక్క.

"కేంద్రకం!" అంది మొండి, గుసగుసగా.

వెళ్ళి బోర్డు మీది సున్నాను తుడిచేసింది.

"అయ్యో, మేం పెన్నుతో గీసేశాం!" అని అందరూ గోల పెట్టారు.

"కొట్టేయండి. అది బుడగ. తప్పు నాదే," అంటూ మొండి, వంకర అంచులతో, మధ్యలో చుక్కతో కొత్త బొమ్మ గీసింది.

కళ్ళద్దాల పిల్ల పుస్తకం ఎత్తి చూపించింది. "ఇందులో గుండ్రంగానే ఉందిగా! అలా గీస్తే మార్కులు పోతాయే!"

"పోతే పోనీ! నా బుగ్గలో ఇలాగే ఉంది. నమ్మకపోతే నువ్వే చూడు!"

మొండి వెనక్కి వచ్చి, మైక్రోస్కోప్ ముందున్న తన స్టూలును ఆమె కూర్చోవడానికి లాగిపెట్టింది.