తలుపు తీసింది ఆయన కాదు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి అలేఖ్య కాలింగ్ బెల్ నొక్కింది. తలుపు తీసిన మనిషిని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

ముసలాయనే. తెల్లగడ్డమే. కానీ ఆయన కాదు.

"వారెన్ టోల్క్‌ని నేనే. నువ్వెవరు?" అన్నాడా మనిషి, అమెరికన్ యాసలో.

టోల్క్ పేరు అమెరికాలో చదువరులందరికీ తెలుసు. ముఖం మాత్రం తెలియదు. నలభై ఏళ్లలో నాలుగు నవలలు. కథలో కథ, అందులో ఇంకో కథ, చివరికి చెప్పేవాడే మాయం! ఇంటర్వ్యూ లేదు, సన్మానం లేదు, పత్రికల్లో ఒక్క ఫోటో లేదు. ఐదో నవల కోసం 2004 సెప్టెంబరులో ఐర్లాండ్‌లోని గాల్వే దగ్గర సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. రెండు నెలలుగా ఆయన్ని చూస్తున్నది నవల టైపు చేసే అలేఖ్య ఒక్కతే.

ఆమె గార్డ్స్‌కి, అంటే ఐర్లాండ్ పోలీసులకి, ఫోన్ చేసింది. సార్జంట్ కీన్ వచ్చాడు. తీరా ఆ మనిషి ఆమె మీదే కేసు పెట్టాడు. పాస్‌పోర్ట్, నవల రాతప్రతి దొంగిలించిందట. ఆమె కంప్యూటర్ స్వాధీనం చేసుకోవాలట.

అలేఖ్య ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికి డబ్లిన్ నుంచి ఆమె నాన్న స్నేహితుడు బ్రహ్మాజీ దిగాడు. ఒకప్పుడు హైదరాబాద్ సీఐడీ. ఇప్పుడు ఇన్సూరెన్స్ మోసాలు పట్టే ప్రైవేట్ డిటెక్టివ్.

"అంకుల్, నా వీసా పోద్దండీ. అది పోతే పోయింది, ఆయన్నేం చేశాడో! భయంగా ఉందండీ." అంది అలేఖ్య.

"వాడేమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"రాతప్రతి ప్రెస్‌లో పెడితే పోయిందన్నాడండీ. ప్రింటింగ్ ప్రెస్సులన్నీ వెతకమన్నాను. సార్జంట్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు."

బ్రహ్మాజీకి నవ్వొచ్చింది. ఐర్లాండ్ వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ ప్లేట్లు ప్రెస్‌లో ఉన్నాయంటే అతనూ బుర్ర గోక్కున్నాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

నేరుగా హాల్లోకి, సార్జంట్ పక్కన కూర్చున్న ఆ మనిషి దగ్గరికి వెళ్లాడు.

"ఐర్లాండ్ ఎప్పుడొచ్చారు?"

"రెండు నెలలైంది. ఇదే మొదటిసారి."

"ఇక్కడ ఎవరితో మాట్లాడతారు?"

"ఎవరితోనూ మాట్లాడను. లోకమంతా ఎరిగిన సంగతే."

"రాతప్రతి ఎక్కడ పెట్టారు?"

"చెప్పాగా! వంటింటి ప్రెస్‌లో."

బ్రహ్మాజీ సార్జంట్ వైపు తిరిగాడు. "గిన్నెల అలమరని ప్రెస్ అనేదెవరు?"

"మేమే. అందరూ..." కీన్ మాట మధ్యలో ఆగింది.

"అది మీ దేశపు మాట. అందుకే మీ చెవికి తగల్లేదు. ఎవరితోనూ మాట్లాడని అమెరికన్‌కి ఎవరు నేర్పారు?"

ఆ మనిషి గుమ్మం వైపు దూకాడు. కీన్ కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు. నిమిషంలో యాస ఊడిపోయింది. ఇల్లు అద్దెకిప్పించిన ఏజెన్సీలో గుమాస్తా అతను. లీజులో పేరు చూసి ఆశపడ్డాడు. ముఖం ఎవరికీ తెలియదు కదా, నవల తనదని అమ్ముకోవచ్చనుకున్నాడు. టైపు చేసిన కాపీ అలేఖ్య కంప్యూటర్‌లో ఉంది. అదీ చేజిక్కాలి.

పెరటి షెడ్‌లో టోల్క్ దొరికాడు. చేతులు కట్టేసి ఉన్నాయి, నోటికి టేపు వేసి ఉంది. ప్రాణం ఉంది. అలేఖ్య భోరున ఏడ్చేసింది.

కీన్ ఇబ్బందిగా కదిలాడు. "ఈయనే టోల్క్ అని రుజువేది? పాస్‌పోర్ట్ వాడు కాల్చేశాడు. ఉన్నది ఈమె మాట ఒక్కటే, ఈమె మీద వాడు పెట్టిన కేసు ఇంకా అలాగే ఉంది. ఫోటో తీసి అమెరికా పాస్‌పోర్ట్ ఆఫీసుకి పంపిస్తాను. తేలేదాకా ఈమె స్టేషన్‌లో ఉండాల్సిందే."

టోల్క్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. షెడ్‌లో కూడా ఆయన ఇంతగా భయపడలేదు.

"వద్దు. ఫోటో వద్దు."

అలేఖ్య కోటు అందుకుంది. "ఆయన్ని ఇబ్బంది పెట్టకండి సార్. నేను వస్తాను."

టోల్క్ వేళ్ల సందుల్లోంచి ఆమెను చూశాడు. మెల్లగా చేతులు దించాడు.

"తియ్యండి," అన్నాడు.